తగ్గితేనే తగ్గ జోడు

కారవాన్ అన్న మాటను ఎవరు పుట్టించారో గానీ, యార్క్‌షైర్ ఆకాశం సంగతి బాగా తెలిసినవాడే అయ్యుండాలి. ముందు కారు, వెనక వాన. నెవిల్ హార్డ్‌కాసిల్ ఇరవై రెండేళ్లుగా కారు వెనక కారవాన్, అంటే చక్రాల మీది బుల్లి ఇల్లు, తగిలించుకుని తిరుగుతున్నాడు. అతను ఇక్కడ కొక్కెం తగిలించగానే అక్కడ మబ్బుకు చిల్లు పడేది. అయినా సరే, మోకాళ్లు చలికి ఎర్రగా కమిలిపోతున్నా సరే, లాగు వేసుకునే బయలుదేరేవాడు. కారవాన్ లాగడానికి వెళ్లేవాడు లాగు కాక ఇంకేం వేసుకుంటాడు?

ఆ లాగుడుకు ఈ జనవరిలో పెద్ద అడ్డం వచ్చి పడింది. పన్నెండేళ్లు ముక్కుతూ మూలుగుతూ లాగిన పెద్ద డీజిల్ కారు, డ్రిఫీల్డ్ బజార్లో రొట్టెల కొట్టు ముందు ఆగి, ఒక్కసారి నల్లగా దగ్గి, మరి లేవలేదు. మెకానిక్ వచ్చి మూత ఎత్తి చూసి, టోపీ తీశాడు. తల గోక్కోవడానికే తీశాడట గానీ, నెవిల్‌కు మాత్రం ఆ తీయడంలో వేరే అర్థం తోచి కళ్లు చెమర్చాయి.

ఇంట్లో మిగిలింది నెవిల్ భార్య గ్లెండా కారు. నీలం రంగు, చిన్న కుటుంబపు కారు. నలుగురు ఎక్కొచ్చు గానీ, వెనక ఇద్దరూ మోకాళ్లు ఇంట్లో వదిలి రావాలి. గ్లెండా పళ్ల డాక్టరు దగ్గర ముందుగదిలో పనిచేస్తుంది. లోపల పళ్లు పీకేది డాక్టరు, బయట నిజాలు పీకేది గ్లెండా. "రోజూ రెండుసార్లు తోముతున్నానండీ" అని ఆమె ముందు బొంకి బతికి బట్టకట్టినవాడు ఆ ఊళ్లో లేడు.

"ఇంకో పెద్ద కారు చూద్దాం గ్లెండా," అన్నాడు నెవిల్.

"ఉన్నది ఇద్దరం. మనకు కావలసింది కారా, లారీయా?"

"మరి మన కారవాన్‌ని ఎవరు లాగుతారు?"

"నా కారు లాగగలిగితే లాగుతుంది. లేదంటే అమ్మేద్దాం. బ్రిడ్లింగ్టన్‌లో ఒకాయన ఇప్పటికి రెండుసార్లు ఫోన్ చేశాడు."

"అమ్మే—" అన్నాడు నెవిల్. ఆ మాట అతని నోట 'అమ్మో' లాగా పలికింది.

ఇంట్లో నెవిల్‌కు ఉన్నది టీవీ పక్కన ఒక కుర్చీ. బడిలో ముప్ఫై ఏళ్లు తాళాలూ బాయిలరూ చూసుకుని రిటైరైన మనిషికి ఇల్లు ఆ మాత్రం ఇస్తుంది. కారవాన్‌లో మాత్రం అతనికి ఓ లోకం ఉంది. కారవాన్ క్లబ్బులో అతను పందొమ్మిదేళ్లు భద్రతాధికారి. ఎవరి కారు ఎంత, దాని వెనక కారవాన్ ఎంత, ఈ ముందుకూ ఆ వెనకకూ పొంతన కుదిరిందా లేదా అని క్లబ్బు విడిది దిగే పొలం గేటు దగ్గర నిలబడి తేల్చేవాడు. సామానుతో సహా కారవాన్ బరువు, కారు బరువులో నూటికి ఎనభై అయిదు వంతులు దాటకూడదు. చట్టం ఇంకాస్త చూసీచూడనట్టు పోతుంది గానీ, నెవిల్ పోనిచ్చేవాడు కాడు. వెనక బరువు ఎక్కువై ముందు బలం తక్కువైతే, దిగుడు రోడ్డు మీద గాలి విసురుకు కారవాన్ పాములా మెలికలు తిరుగుతుంది. దాని వెంట కారూ తిరుగుతుంది. ఆ తరవాత కంచె అవతల ఉన్న గొర్రెలు కూడా పక్కకు తిరుగుతాయి.

నియమం నెవిల్‌ది. నియమానికి దొరికినవాళ్లు మాత్రం చాలామంది. అందరికన్నా ఘోరంగా దొరికింది బారీ సగ్డెన్. పేరుకు బారీ గానీ మనిషి ఏమాత్రం భారీ కాడు, పక్కకు తిరిగితే కనపడడు. ఏడేళ్ల క్రితం ఇదే గేటు దగ్గర బారీ బండి తొమ్మిది కిలోలు ఎక్కువ తూగింది. "తొమ్మిదే కదా నెవిల్" అని బతిమాలితే, "తొమ్మిదితోనే మొదలవుతుంది బారీ" అని నెవిల్ నవ్వుతూనే ముక్కుసూటిగా చెప్పి అతని అకార్డియన్ దింపించాడు. బారీ దాన్ని రైతు ఇంట్లో పెట్టి, మూడు రోజుల విడిదీ మూగగా గడిపాడు. క్లబ్బు క్లబ్బంతా లోలోపల నెవిల్‌కు దండాలు పెట్టుకుంది. బారీ వాయిస్తే కుక్కలు కూడా చెవులు మూసుకోలేక ఏడుస్తాయి.

ఇప్పుడు ఆ బారీయే భద్రతాధికారి. లాగే కారు లేని మనిషి లాగేవాళ్లను ఏం తనిఖీ చేస్తాడని ఫిబ్రవరిలో క్లబ్బువాళ్లు మెల్లగా చెప్పి, పదవి బారీకి ఇచ్చారు. పదవితో పాటు ఇవ్వవలసింది ఇంకొకటి ఉంది. ఎప్పుడూ అధికారి కారవాన్‌లోనే ఉండే భద్రతా ఫలకం. మందపాటి ఓక్ చెక్క, మధ్యలో ఇత్తడి చక్రం, చుట్టూ పందొమ్మిది ఇత్తడి రేకులు. పందొమ్మిదింటి మీదా ఒకటే పేరు. అది కారవాన్ లోపల సోఫా మీద గోడకు నాలుగు స్క్రూలతో బిగించి ఉంది. దాన్ని ఎప్పుడిస్తావని బారీ అడిగినప్పుడల్లా, "స్క్రూలు తుప్పు పట్టాయి బారీ" అనేవాడు నెవిల్. స్క్రూలకు తుప్పు పట్టలేదు. మనసే పట్టు వదల్లేదు.

"సరే," అంది గ్లెండా చివరికి. "మే నెల విడిది దాకా గడువు. హార్న్‌సీ దగ్గర గేటులో బారీ తూస్తాడు కదా. ఎనభై అయిదుకు లోపుంటే కారవాన్ ఉంటుంది. దాటిందా, సోమవారం పొద్దున బ్రిడ్లింగ్టన్‌కు ఫోన్ చేస్తా. నా కారు నడుం విరగ్గొట్టుకోను."

"నేను పెట్టిన నియమానికే నన్ను తూస్తానంటావా?"

"ఊరందరినీ తూచావుగా బంగారం. నీకు మాత్రం మినహాయింపా?"

మర్నాడు నెవిల్ ధాన్యం మిల్లు దగ్గరకు వెళ్లి, లారీలు తూచే కాటా మీద కారవాన్ పెట్టించాడు. 1180 కిలోలు. చిన్న కారు పుస్తకం తీసి చూస్తే కారు బరువు 1290. అందులో నూటికి ఎనభై అయిదు వంతులంటే 1096 కిలోల చిల్లర. అంటే ఎనభై నాలుగు కిలోలు దింపాలి. తగ్గ జోడు కావాలంటే తగ్గాలి. నెవిల్ ఇంటికి వచ్చి ఆ మాట చెప్పగానే గ్లెండా అతని పొట్ట వైపు చూసింది.

"నేను కాదు, కారవాన్!"

"నిన్నూ తగ్గమంది నర్సు. ఇద్దరూ కలిసి తగ్గండి."

ఆ ఆదివారం కారవాన్‌కు పథ్యం మొదలైంది. నెవిల్ స్నానాల గదిలోని తూకం మిషను తెచ్చి వాకిట్లో పెట్టాడు. ఒక్కో వస్తువూ లోపలి నుంచి రావడం, మిషనెక్కడం, నెవిల్ తీర్పు చెప్పడం.

"ఇనప పెనం. మూడున్నర కిలోలు. అవుట్."

"గుడ్లు దేంట్లో వేయించుకుంటావ్?"

"ఉడకేసుకుంటా. బీన్స్ డబ్బాలు పద్దెనిమిది. ఎందుకివి? హార్న్‌సీలో బీన్స్ దొరకవా?"

"పద్దెనిమిదీ కొన్నది నువ్వు. మంచు పడి ఇరుక్కుపోతే అన్నావ్. జూలైలో."

నెవిల్ బీన్స్ సంగతి వదిలేసి చెంచాల మీద పడ్డాడు. చాకులూ ఫోర్కులూ అన్నీ ఇంట్లోకి వెళ్లి, వాటి స్థానంలో ప్లాస్టిక్‌వి వచ్చాయి. పింగాణీ కప్పులు వెళ్లి ప్లాస్టిక్ కప్పులు వచ్చాయి. బరువైన గుడారం వెళ్లింది, తేలికది బదులు తెచ్చుకున్నారు. గ్లెండా మడత కుర్చీ వెళ్లింది. దిండు కూడా వెళ్లబోతుంటే ఆమె దాని మీద కూర్చుంది.

"ఇక నా వస్తువులు అయిపోయాయి," అంది గ్లెండా. "ఆ మంచం కింద ఎర్ర పెట్టె ఎవరిదో?"

నెవిల్ వినపడనట్టు నటించాడు. గ్లెండా తనే లాగబోయింది, కదల్లేదు. ఇద్దరూ కలిసి ఈడ్చి మిషను మీద పెడితే ముల్లు నలభై ఒకటి దగ్గర ఆగింది. అందులో ఏముంది? రెండు జాకీలు, మూడు రకాల పానాలు, ఇనప గొలుసు, మంటలార్పే సిలిండర్లు రెండు, చక్రాలకు అడ్డం పెట్టే దిమ్మలు ఎనిమిది, సుత్తి, ఇంకా పెద్ద సుత్తి.

"ఏమిటిదంతా?"

"భద్రత," అన్నాడు నెవిల్ చిన్నగా.

"ఈ భద్రతే మనల్ని పల్లంలో పడేసేట్టుంది. పెనం వద్దన్న మహానుభావుడు రెండు సుత్తులు మోయిస్తాడా? అవుట్!"

ఒక జాకీ, ఒక పానా, ఒక సిలిండరు, రెండు దిమ్మలు ఉంచి, మిగతా పెట్టె గరాజుకు సాగనంపారు. నెవిల్ దాని వెనకే గరాజు దాకా నడిచి వెళ్లి వచ్చాడు. గోడకున్న ఫలకాన్ని మాత్రం అతను మిషనెక్కించలేదు. స్క్రూలతో బిగించిందేదైనా సామాను కాదట, కారవాన్‌లో భాగమట.

తరవాత ముక్కు సంగతి. కారవాన్ ముందు కొస కారు కొక్కెం మీద ఎంత బరువు మోపుతుందో దాన్నే ముక్కు బరువు అంటారు. పెద్ద కారు తొంభై కిలోలు మోసేది. చిన్న కారు పుస్తకంలో అరవై అని రాసుంది. నెవిల్ చీపురు కర్ర కోసి, ఒక కొన మిషను మీద, రెండో కొన కారవాన్ ముక్కు కింద పెట్టి, నేల మీద బోర్లా పడుకుని ముల్లు చూశాడు.

"ఎనభై ఒకటి! గ్యాస్ బండ వెనక్కి జరపాలి."

వెనక్కి జరిపారు. నలభై రెండు.

"మరీ తేలిపోయింది. ముక్కు తేలితే తోక బరువై ఊగుతుంది. కాస్త ముందుకి జరుపు."

"నెవిల్, వీధిలో జనం చూస్తున్నారు. చీపురు కర్రతో కారవాన్ ముక్కు పొడుస్తున్నావు."

ఎదురింటామె కుక్కను పట్టుకుని అలాగే నిలబడి ముక్కున వేలేసుకుంది. గ్యాస్ బండ ముందుకీ వెనక్కీ పది సార్లు తిరిగి, చివరికి చక్రాల ఇరుసు మీదకు వచ్చి కూర్చుంటే అప్పుడు ముక్కు యాభై ఎనిమిదికి దిగింది. గ్లెండా ముక్కు మాత్రం కోపంతో ఇంకా పైనే ఉంది.

ఇంత చేసినా నెవిల్ లెక్క ప్రకారం కారవాన్ 1100కు పైనే తేలింది. ఇక తీయడానికి లోపల మంచమూ గోడలూ తప్ప ఏమీ లేవు. ఆ దిగులుతో కారు పుస్తకం మళ్లీ తిరగేస్తుంటే, బరువు పక్కన చిన్న అక్షరాల్లో ఒక వాక్యం కనపడింది. 'డెబ్బై అయిదు కిలోల డ్రైవరుతో సహా.'

నెవిల్ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు. డెబ్బై అయిదు! ఈ పుస్తకం రాసినవాడు డెబ్బై అయిదు కిలోల డ్రైవర్ని ఎక్కడ చూశాడో గానీ, డ్రిఫీల్డ్‌లో మాత్రం కాదు. తను నూటొకటి. అంటే ఇరవై ఆరు కిలోలు పైమాటే. ఆ పైమాట కారు బరువులో కలిపితే కారు 1316. అందులో ఎనభై అయిదు వంతులు 1118! కాగితం మీద గీసి మళ్లీ చూశాడు. తప్పు లేదు. తను కిలో పెరిగితే కారవాన్‌కు ఎనిమిది వందల యాభై గ్రాములు కలిసొస్తుంది. తను పెరిగితే కారవాన్ మిగులుతుంది!

పందొమ్మిదేళ్లు భద్రత గురించి ఉపన్యాసాలు దంచిన మనిషికి, భద్రత ఇంత రుచిగా ఉంటుందని అప్పుడే తెలిసింది.

గ్లెండా మధ్యాహ్నానికి ఆకుకూరలూ దోసకాయ ముక్కలూ డబ్బాలో సర్ది ఉద్యోగానికి వెళ్లేది. నెవిల్ అవి తిని, తిన్నగా కసాయి కొట్టుకు వెళ్లి, పిండిలో పంది మాంసం కూరి కాల్చిన పోర్క్ పై ఒకటి కొనుక్కుని తినేవాడు. నాలుగు వందల యాభై గ్రాముల పై. అంటే ఒక చిన్న గిన్నెకు సరిపడా బరువు. రెండో పై మూత కోసం. "ఆకలా నెవిల్?" అని కసాయి అడిగితే, "కాదు, రోడ్డు భద్రత" అనేవాడు గంభీరంగా.

శనివారం శనివారం నర్సు చెప్పిన ప్రకారం గ్లెండా అతన్ని మిషనెక్కించేది.

"నూట మూడా? ఆకులు తిని?"

"ఈ మిషను కారవాన్ ముక్కు మోసి మోసి పాడైంది గ్లెండా. స్ప్రింగు జారింది."

"ఊఁ," అంది గ్లెండా.

మరో రెండు వారాలకు నూట అయిదు.

"స్ప్రింగు ఇంకా జారిందన్నమాట," అందామె, అతని చొక్కా గుండీ మీది పై తునకను గోటితో తీసి చెత్తబుట్టలో వేస్తూ. ఇంకేం అనలేదు. నిజం వదులయ్యే దాకా ఆగి పీకడం ఆమెకు వృత్తిరీత్యా అలవాటు.

మే నెల శుక్రవారం వచ్చింది. వాన కూడా వచ్చింది. నెవిల్ లాగు వేసుకుని, నీలం కారు వెనక కారవాన్ తగిలించి, దారంతా గంటకు నలభై అయిదు మైళ్లు దాటకుండా తోలాడు. చిన్న కారు ఎత్తుల మీద కాస్త రొప్పింది గానీ ఎక్కడా తూలలేదు. కారవాన్ బుద్ధిగా వెనకే వచ్చింది. "చూశావా ఎంత ముచ్చటగా ఉందో జోడు!" అన్నాడు నెవిల్. గ్లెండా ఒళ్లో దిండు పెట్టుకుని, "గేటు దాటాక అను" అంది.

హార్న్‌సీ దగ్గర రైతు పొలం గేటులో బారీ వానకోటులో నిలబడి ఉన్నాడు. వానకోటు నిలబడి ఉంది, లోపల బారీ ఉన్నాడని అనుకోవాలి. చేతిలో అట్ట, చెవి మీద పెన్సిలు. గడ్డి మీద మూడు తూకపు పలకలు పరిచాడు. రెండు పక్క చక్రాల కింద రెండు, ముందు కొసనున్న బుల్లి చక్రం కింద ఒకటి. మూడూ కలిపితే కారవాన్ బరువు.

"రా నెవిల్, రా. నీ కోసమే చూస్తున్నా. ఏడేళ్ల నుంచి."

"వాన ఎక్కువగా ఉంది బారీ. త్వరగా కానియ్."

"భద్రతకు తొందర పనికిరాదు. ఈ మాట ఎవరన్నారబ్బా? ఆఁ, నువ్వే."

వెనక ఆరు బండ్లు ఆగాయి. లోపలున్నవాళ్లంతా టీ మగ్గులతో దిగి, గొడుగులు వేసుకుని చుట్టూ చేరారు. విడిదిలో ఇంతమంది ఇంత శ్రద్ధగా తూకం చూడడం ఎప్పుడూ లేదు. కారు నుంచి కారవాన్ విప్పి, పలకల మీదకు దొర్లించారు. ముందున్న బుల్లి చక్రం పలక బురదలో ఒక పక్కకు ఒరిగిపోతుంటే, బారీ రెండుసార్లు తీసి సర్ది పెట్టాడు.

"పదకొండు వందల అయిదు," అన్నాడు బారీ.

నెవిల్ గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. "లోపే! పదకొండు వందల ఇరవై రెండు దాకా నాకు హక్కుంది."

"నీ కారు 1290. దానికి హక్కు 1096న్నర."

"అది డెబ్బై అయిదు కిలోల డ్రైవరుతో! నేను నూట అయిదు. ముప్ఫై కిలోలు కలుపు. 1320కి ఎనభై అయిదు వంతులు ఎంత? 1122!"

బారీ పెన్సిలు చెవి మీంచి తీసి మళ్లీ చెవి మీదే పెట్టుకున్నాడు.

"నెవిల్," అన్నాడు ఎంతో మృదువుగా, "'నా భార్య లావుగా ఉంది, ఆ బరువూ కలుపుకో' అని ఒకప్పుడు ఈ గేటు దగ్గర అడిగిన ఆసామీకి నువ్వేం చెప్పావ్?"

నెవిల్‌కు గుర్తుంది. 'మనుషులు వస్తారు, పోతారు, తగ్గుతారు. కారు బరువు పుస్తకంలో ఉన్నదే' అని, ఆ ఆసామీ చేతిలో నియమాల కాగితం పెట్టాడు. ఆ కాగితం కూడా తనే రాశాడు.

గ్లెండా కారు తలుపు తీసుకుని దిగింది. "అంటే," అంది నెమ్మదిగా, ఒక్కో మాటా పట్టకారుతో పట్టి తీస్తున్నట్టు, "ఈ ఆరు వారాలూ నువ్వు తిన్న పైలన్నీ... కారు ఖాతాలోనా?"

"నీకు తెలుసా?"

"కారులో చిన్న అరలో పదిహేడు పై కాగితాలు దొరికాయి నెవిల్. కారులో ఎందుకు తింటున్నాడా అనుకున్నా. కారు కోసం తింటున్నాడని అనుకోలేదు."

గొడుగుల కింద నవ్వులు మొదలయ్యాయి. ఎవరి మగ్గులోంచో టీ ఒలికింది. నెవిల్ మోకాళ్లకు తోడు ముఖమూ ఎర్రబడింది. పైలు తిని పెంచింది బరువు, పోతున్నది పరువు. ఆ రెంటికన్నా పైన సోమవారం, బ్రిడ్లింగ్టన్, ఫోను.

"ఎనిమిదిన్నర కిలోలు ఎక్కువ," అన్నాడు బారీ. "దింపేది ఏదన్నా ఉంటే దింపు. లేకపోతే బండి తిప్పు. నాకేం సరదా కాదు." సరదాగానే అన్నాడు.

నెవిల్ కారవాన్ ఎక్కి లోపల చుట్టూ చూశాడు. తీయడానికి ఏముంది? ప్లాస్టిక్ చెంచాలు తీస్తే చిటికెడు. గ్యాస్ బండ తీస్తే ముక్కు చెడుతుంది. తడి లాగుతో సోఫా మీద కూలబడ్డాడు. గ్లెండా వెనకే వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమె అతని తలకు పైన గోడ వైపు చూసింది. అతను ఆ చూపు వెంట చూశాడు.

పందొమ్మిది ఇత్తడి రేకులు తళతళలాడుతున్నాయి.

"అది కారవాన్‌లో భాగం," అన్నాడు నెవిల్. తన గొంతు తనకే నమ్మకంగా లేదు.

"ఎంత ఉంటుంది?"

"...తొమ్మిది."

"ఎవరిది?"

కారవాన్ కప్పు మీద వాన టపటపలాడింది. ఈ చప్పుడు కింద ఇరవై రెండేళ్లు టీ తాగారు ఇద్దరూ. ఈ చప్పుడు ఉంచుకోవాలా, ఆ రేకులా?

"బారీది," అన్నాడు. "ఫిబ్రవరి నుంచి. కానీ ఎలా తీయను? స్క్రూడ్రైవరు గరాజులో ఉంది. నువ్వే అవుట్ అన్నావ్."

గ్లెండా కోటు జేబులో చెయ్యి పెట్టి, నాప్‌కిన్‌లో చుట్టిన చిన్న స్టీలు చాకు తీసింది. జాం రాసుకునే చాకు.

"ప్లాస్టిక్‌వే తెమ్మన్నా కదా!"

"ప్లాస్టిక్ చాకుతో జాం రాసుకునేంత దిగజారలేదు నేను. అరవై గ్రాములు. పట్టుకో."

నాలుగు స్క్రూలూ నాలుగు తిప్పులకే వచ్చేశాయి. తుప్పు చుక్క కూడా లేదు. నెవిల్ ఫలకాన్ని రెండు చేతులా ఎత్తుకుని వానలోకి దిగి బారీకి అందించాడు.

"ఇంద. నీదే. తుప్పు సంగతి అబద్ధం. అకార్డియన్ సంగతి..." అని ఆగి, "నియమం నియమమే. కానీ తొమ్మిదే కదా అన్నావు చూడు, అప్పుడు నేను నవ్వకుండా ఉండాల్సింది" అన్నాడు.

బారీ ముఖం వెలిగింది. వెలిగిన మరుక్షణమే ఆరింది. ఎందుకంటే గొడుగుల్లోంచి ఎవరో అరిచారు: "బారీ! ఫలకం అధికారి కారవాన్‌లోనే ఉండాలి కదా! నీ బండికి ఇంకా ఎంత ఖాళీ ఉందీ?"

"రెండు కిలోలు," అన్నాడు బారీ నీరసంగా.

"అయితే ఏడు కిలోలకు తగ్గనిది ఏదన్నా దింపాలి!" అని ఆరు గొడుగులూ ఒక్క గొంతుతో అన్నాయి. అందరి కళ్లూ బారీ కారవాన్ కిటికీలోంచి కనపడుతున్న అకార్డియన్ మీదే. ఆ కళ్లలో ఏడేళ్ల ఆశ.

బారీ ఫలకాన్ని చూశాడు, కిటికీని చూశాడు. ఇటు పదవి, అటు పాట. వానకోటు లోపల మనిషి ఇంకా సన్నబడిపోయాడు. ఆ ముఖం నెవిల్ ఇదివరకు ఒకసారి చూశాడు. ఇదే గేటు దగ్గర, ఏడేళ్ల క్రితం, అటు వైపు నుంచి.

"ముందు నా తూకం పూర్తి చెయ్ బారీ," అన్నాడు. "బుల్లి చక్రం పలక బురదలో ఒరుగుతోంది. అలా ఒరిగితే తూకం తప్పు చూపిస్తుంది. కింద గట్టి చెక్క ఉండాలి."

"చెక్క ఎక్కడిది ఇప్పుడు?"

నెవిల్ అతని చేతుల్లోంచి ఫలకం తీసుకున్నాడు. ఒకసారి బొటనవేలితో మొదటి రేకు మీది వాననీళ్లు తుడిచాడు. తరవాత మోకాళ్ల మీద కూర్చుని, ఇత్తడి వైపు కిందకు చేసి, బురదలో ఒత్తి పరిచాడు. దాని మీద తూకపు పలక పెట్టాడు. పలక పలకలాగా చదునుగా నిలిచింది.

"మంచి ఓక్," అన్నాడు లేస్తూ. "అందరి బండ్లూ దీని మీదే తూచు. ఇక్కడే గేటు దగ్గర ఉండనీ. ఎవరి కారవాన్‌కూ బరువు కాదు."

ఎవరూ నవ్వలేదు. ఒక గొడుగు కింద ఎవరో చప్పట్లు కొట్టబోయి, మగ్గు అడ్డం వచ్చి మానేశారు. బారీ గొంతు సవరించుకుని, కారవాన్‌ను పలకల మీదకు దొర్లించి, మూడు అంకెలూ కూడాడు. మళ్లీ కూడాడు.

"వెయ్యిన్నీ తొంభై ఆరు," అన్నాడు. "అర కిలో లోపు. వెళ్లు నెవిల్."

నెవిల్ గ్లెండా వైపు చూశాడు. గ్లెండా కోటు జేబులోంచి ఫోను తీసింది. ఆమె బ్రిడ్లింగ్టన్ నెంబరు వెతికి, తుడిపేసి, ఫోను మళ్లీ జేబులో పెట్టుకుంది.

"ఇంకా నూట అయిదు కిలోలవాడు ఒకడు తగ్గాల్సి ఉంది," అంది. "కారవాన్ తగ్గింది కదా. ఇప్పుడు నా పక్కన తగ్గ జోడు నాకూ కావాలి. కారులో ఇంకో పై ఉందా?"

"...సీటు కింద."

"ఇలా తే."

గ్లెండా పై అందుకుని, జాం చాకుతో సగానికి కోసి, పెద్ద ముక్క తను తీసుకుంది. నెవిల్ చిన్న ముక్క నములుతూ చిన్న కారుకు కొక్కెం తగిలించాడు. గేటు దాటి పొలంలోకి వెళ్తుంటే, వెనక బారీ కారవాన్‌లోంచి అకార్డియన్ మొదలైంది. రైతు కుక్క మూతి ఆకాశానికెత్తింది.

"నెవిల్," అంది గ్లెండా, "ఆ పదవి మళ్లీ నువ్వే తీసుకోరాదూ?"